నల్ల దారి మీద పాల చుక్కలు

మా అక్కయ్య సుభద్రమ్మ చేతివేళ్లు ముడవడానికి మొరాయించిన వేసవిలో, ఆమెను వెంటబెట్టుకుని నేను రామగుండం బయలుదేరాను. ఆవును కొనడం మా పని. ఆవు కోసం బొగ్గు గనుల దేశానికి పోవడమేమిటని ఊళ్లో నవ్వినవాళ్లున్నారు. వాళ్లకూ, ఇకముందు ఇదే పని మీద అటు వెళ్లేవాళ్లకూ పనికొస్తుందని చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లె. బావగారు పోయిన దగ్గర్నుంచీ అక్కయ్య మా పక్కింట్లోనే కూతురు కమలతో ఉంటూ, ఒక్క ఆవు పాల మీద సంసారం లాక్కొస్తోంది. ఆవు మంచిదే, పాలకు లోటు లేదు. దాని చన్నులే గట్టివి. బలమంతా పెట్టి నొక్కితే గాని ధార రాదు, వచ్చిన ధార కూడా దారప్పోగంత. అక్కయ్య దాని కింద కూర్చుంటే, అవతలింట్లో అన్నం వండి వార్చేసేసరికి ఇక్కడ ఇంకా చెంబు సగమే. ఏళ్ల తరబడి అలా పితికి పితికి ఆమె వేళ్ల కణుపులు రేగుపళ్లలా ఉబ్బాయి. పొద్దున్నే వేన్నీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చుంటే తప్ప పిడికిలి మూసుకునేది కాదు. డాక్టరు పాలు తీయడం మానెయ్యమన్నాడు.

"మానేసి ఏం తినాలో కూడా అడిగొచ్చావట్రా?" అంది నాతో.

నాకు పాలు తీయడం రాదు. మా ఇళ్లల్లో ఆ పని ఆడవాళ్లది. పొలం, మేత, ఎరువు వరకే నావి.

మా ఊరి ప్రసాదు అప్పట్లో రామగుండంలో కడుతున్న ఎరువుల ఫ్యాక్టరీలో వెల్డరుగా ఉన్నాడు. సెలవులకు వచ్చినప్పుడు అక్కయ్య అవస్థ చూసి, "మా గోదావరిఖని ఆవుల్ని చూస్తే మీరు నమ్మరండీ. చెయ్యి వేస్తే చాలు, కుళాయి తిప్పినట్టే" అన్నాడు. ఆ మాట ఆమె చెవిలో పడ్డాక ఇక ఇంట్లో నాకు నిలకడ లేదు.

చీకటితో లేచి తెనాలిలో పాసింజరు ఎక్కి బెజవాడ చేరాం. అక్కడ ఉత్తరాదికి పోయే బండి పట్టుకున్నాం. రైళ్లలో మూడో తరగతి అన్న మాట పోయి అదే చెక్కబల్ల రెండో తరగతి అయిన కొత్త. డోర్నకల్లు దాటాక పులిహోర పొట్లాలు విప్పాం. మిట్టమధ్యాహ్నానికి కాజీపేటలో దిగి, బల్లార్షా వైపు వెళ్లే పాసింజరు కోసం గంటకు పైగా కూర్చున్నాం. ఈ దారిన వేసవిలో వెళ్లేవాళ్లు కాజీపేటలోనే మరచెంబులు నింపుకోవడం మంచిది. తరవాత స్టేషన్లలో కుళాయిలున్నాయి గాని, వాటిలోంచి వచ్చే నీళ్లు చాయ కాచుకోవడానికి సరిపోయేంత వేడిగా ఉన్నాయి.

పెట్టెలో మా ఎదురుగా తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన కూర్చున్నాడు. బొగ్గు గనిలో పని చేస్తాడట, సెలవు అయిపోయి తిరిగి వెళ్తున్నాడు.

"ఎటు వోతున్నరన్నా?"

"గోదావరిఖని. ఆవు కొనడానికి."

ఆయన పక్కవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. "బొగ్గుబాయి కాడికి ఆవు కోసం వస్తున్నరా? మంచిగున్నది. మా దగ్గర పాలు దొరుకుతయన్నా, నీళ్లే దొరకయి."

సాయంత్రం నాలుగు దాటాక రామగుండంలో దిగాం. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే ఎవరో పొయ్యి మూత తీసినట్టు ముఖానికి వేడి కొట్టింది. దూరంగా కరెంటు స్టేషను పొగగొట్టం, ఎటు చూసినా ఎండి తెల్లబోయిన నేల. స్టేషను బయట బస్సు సిద్ధంగా ఉంది. పోనుపోను నేల రంగు మారింది. గోదావరిఖని వచ్చేసరికి చెట్ల ఆకులు, గోడలు, దుకాణాల బల్లలు అన్నీ ఒక పొర నల్లగా ఉన్నాయి. నా తెల్ల చొక్కా కాలరు మీద వేలు పెట్టి చూసుకుంటే వేలికీ అదే నలుపు.

ప్రసాదు బస్సు దగ్గరికే వచ్చాడు. ముందు ఆవును చూసి తరవాత తన గదికి వెళ్దామని, మమ్మల్ని గని పనివాళ్ల కాలనీలోకి నడిపించాడు. మేతకు పోయిన ఆవులు ఇళ్లకు మళ్లే వేళ అది. దారంతా బొగ్గు పొడి, అడుగు వేస్తే మడమ దాకా మెత్తగా దిగుతోంది. ఆ నల్లటి పొడి మీద వరసగా తెల్ల చుక్కలు కనిపించాయి. ఎవరో సున్నం ఒలకబోసుకుంటూ వెళ్లారనుకున్నాను. అక్కయ్య వంగి ఒక చుక్కను వేలితో తాకి వాసన చూసింది.

"పాలురా సాంబా!"

తలెత్తి చూశాను. మా ముందు నడుస్తున్న ఆవుల పొదుగుల నుంచి, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే పాలు కారుతున్నాయి. అవి అడుగు వేసినప్పుడల్లా తొడ ఒరుసుకుని టప్పున ఒక చుక్క. వెనక రెండు కుక్కలు దారిని నాకుతూ వస్తున్నాయి. గడపల్లో కూర్చున్నవాళ్లు ఒక్కరూ అటు చూడటం లేదు. పాలు కింద ఒలికితే కళ్లకద్దుకుని తుడిచే ఇంట్లో పుట్టినవాళ్లం మేం. అక్కయ్య గుండె మీద చెయ్యి వేసుకుని దారి మధ్యలో నిలబడిపోయింది.

అంతలో ఒక ఆవు తల తిప్పి మమ్మల్ని చూసింది. ఎర్రటి ఒళ్లు, నుదుట అరచేతంత తెల్ల మచ్చ. దాని పక్కదానికీ అదే ఒళ్లు, అదే మచ్చ. ఆ వెనకదానికీ అంతే. ఒక్కో ఇంటి దగ్గర ఒక్కొక్కటి విడిపోయి లోపలికి వెళ్తుంటే, ఒకే ఆవు అన్ని ఇళ్లలోకీ దూరుతున్నట్టు కనిపించింది.

"అన్నీ ఒక్క కోడె బిడ్డలే" అని గుమ్మంలోంచి ఎవరో నవ్వారు. మేం చూడవచ్చిన ఆవు యజమాని మల్లయ్య. నలభై ఏళ్లవాడు, పుట్టింది అక్కడికి దగ్గర పల్లెలోనే. గని వచ్చాక అరకను తమ్ముడికి వదిలి బొగ్గుబాయిలో చేరాడు. ఇప్పుడు శ్రీరాంపూర్ గనికి బదిలీ అయిందట. నస్పూర్‌లో ఇచ్చిన క్వార్టరుకు దొడ్డి లేదు. ఉన్న రెండు ఆవుల్లో పెద్దది తమ్ముడింటికి పోతుంది. నెల కిందట ఈనిన గౌరిని అమ్ముతాడు.

"ఎనిమిదేండ్ల కింద మేం నలుగురం వాటాలేసుకొని సర్కారు ఫారం నుంచి కోడెను తెచ్చినమన్నా. సీమ రక్తం కలిసింది. రాజా అని పేరు పెట్టినం. దాని బిడ్డల కింద గిట్ల కూసుంటే గట్ల లేసుడే" అన్నాడు మల్లయ్య.

అతని భార్య రాజవ్వ పొయ్యి మీద చాయ నీళ్లు పెట్టి, గిన్నె తీసుకుని గౌరి దగ్గర కూర్చుంది. లేగ నాలుగు గుటకలు తాగగానే ఆవు చేపుకొచ్చింది. ఆ తరవాత చూసింది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. చిటికెన వేలంత లావు ధారలు గిన్నెలో పడి నురగ పొంగి అంచు దాటింది. రాజవ్వ వేళ్లు కదిలాయో లేదో కూడా తెలియలేదు. ఆమె లేచి లోపలికి వెళ్లేసరికి చాయ నీళ్లు ఇంకా మరగలేదు.

"నన్నొకసారి కూర్చోనిస్తావా చెల్లెమ్మా?" అంది అక్కయ్య.

పెద్దావు కింద కూర్చుంది. ఉబ్బిన వేళ్లతో అలా తాకిందో లేదో పాలు దూకాయి. రెండు చన్నులు తీసి ఆగిపోయింది. ఏమైందోనని వంగి చూశాను. కళ్ల నీళ్లు కారుతున్నాయి.

"నొప్పెయ్యలేదురా" అంది. "ఎన్నేళ్లయిందో, నొప్పెయ్యకుండా పాలు తీసి."

దారి మీద కారిపోతున్న పాల సంగతి అడిగితే రాజవ్వ తేలిగ్గా తీసేసింది. "కారితే కారనీ అక్కా, చారెడు పోతయి. పొద్దుగాల మొగోనికి డ్యూటీ. నల్లా నీళ్లు వచ్చేదే జెరసేపు, ఆడ లైను. కిరోసిన్ కాడ ఇంకో లైను. ఆవు కింద గంటసేపు కూసుంటే మాకెట్ల నడుస్తది?"

మర్నాడు మల్లయ్య పొద్దటి షిఫ్టు దిగి రాగానే మాట ఖాయం చేసుకుందామని అనుకున్నాం. ప్రసాదు గదిలో గోంగూర పచ్చడితో అన్నం తిని, ఆరుబయట మంచాలు వేసుకున్నాం. అక్కయ్య అప్పుడే గౌరి కోసం పాకలో జాగా ఎక్కడ చెయ్యాలో మాట్లాడుతోంది. రైల్లో పశువును బుక్ చేసే పద్ధతి ప్రసాదును అడిగి తెలుసుకుంటూ నేను నిద్రపోయాను.

పొద్దున్నే రాజవ్వ ఇంటికి వెళ్లేసరికి ఆమె దొడ్లో నేల మీద చతికిలబడి ఉంది. మల్లయ్య అప్పటికే గనిలోకి దిగిపోయాడు. గౌరి వెనక కాలు ఎత్తి పెట్టి, తల వేలాడేసి నిలబడింది. పొదుగులో ఒక పక్క ఎర్రగా వాచి బిర్రబిగిసింది. అక్కయ్య చెయ్యి వేసి వెంటనే తీసేసింది. "కాలిపోతోందిరా."

రాజవ్వ ఆ చన్ను పిండి చూపించింది. పాలు కాదు, పలచని గోధుమరంగు నీళ్లు, అందులో నెత్తుటి చారలు. నిన్న సాయంత్రం నురగలు పొంగిన చన్ను అదే.

ప్రసాదూ నేనూ సైకిలు మీద పశువుల దవాఖానకు పరుగెత్తాం. డాక్టరు నరహరి గారు ముప్పై ఏళ్లు నిండని మనిషి. మంథని వాళ్ల అబ్బాయి. ఇంట్లో అందరూ పంతుళ్లూ పూజారులూ అయితే ఈయన పశువుల వైద్యం చదివాడు. మేం కాలనీ పేరు చెప్పగానే, "పొదుగేనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే సంచి అందుకున్నాడు.

గౌరికి తొడలో సూది వేశాడు. చన్నులోకి మందు ఎక్కించాడు. ఊరిన నీళ్లు ఊరినట్టే పిండి పారబొయ్యాలనీ, లోపల నిలవ ఉంటే విషమేననీ చెప్పాడు. తరవాత చేతులు కడుక్కుంటూ అక్కయ్యకు బాగున్న చన్ను ఒకటి చూపించాడు.

"చూడండమ్మా. చన్ను కొసకు ఉంగరం లెక్క ఒక కండరం ఉంటది. అది బిగువుంటే పాలు మెల్లగ వస్తయి, పిండెటోళ్లకు కష్టం. వదులుంటే దూకుతయి. ఈ ఆవులకు మరీ వదులు, అందుకే నడుస్తుంటే కారుతయి. మూసుకోని తలుపు గద. పాలు బయటికి వచ్చే సందుల నుంచే రోగం లోపలికి పోతది. పాలు కార్చుకుంట పేడల పండుకుంటే ఇంకేం కావాలె?"

"మరి ఇన్ని ఆవులకూ ఒకేలాగ..."

"రాజా ఇచ్చిండు."

నాకు మతి పోయింది. "అది కోడె కదండీ! చుక్క పాలివ్వని దానికి చన్నుల సంగతేమిటి?"

"కోడెకు పాలు లేవు. దాని తల్లికి ఉన్నయి గద. తల్లి పొదుగు తీరు కోడె రక్తంల దాగి ఉంటది. దానికి అక్కరకు రాదు, కానీ బిడ్డలకు ఇస్తది. ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ. ఇయ్యకుండ మాత్రం ఉండదు." అంతలో ఆయన కళ్లు అక్కయ్య వేళ్ల మీద పడ్డాయి. కాసేపు చూసి అడిగాడు. "మీ ఇంట్ల ఇసువంటి చేతులు ఇంకెవరికన్న ఉండెనా అమ్మా?"

"మా నాయనమ్మకి. చివరికి అన్నం కలుపుకోలేకపోయేది."

"మీ నాయనగారికి?"

"లేదండీ. ఆయన చేతులు ఇనుము."

"నేను పశువుల డాక్టరునమ్మా, మనుషుల సంగతి నాకు తెల్వదు" అని ఆయన సంచి సర్దుకున్నాడు. కాని అక్కయ్య ముఖం పాలిపోయింది. ఆ నొప్పికి కారణం మా ఆవేనని ఆమె రోజూ దాన్ని తిట్టుకునేది. నేనూ అదే నమ్మాను. ఎప్పుడో పోయిన నాయనమ్మ నాన్న మీదుగా వచ్చి ఈమె వేళ్లలో కూర్చుందన్న ఆలోచన ఎన్నడూ మా ఇంట్లో ఎవరికీ రాలేదు. ఆమె నోట ఒక్క మాట వచ్చింది.

"అయితే మా కమల?"

డాక్టరు లేగ దగ్గరికి వెళ్లి దాని ముఖం పైకెత్తాడు. నుదుట తెల్ల మచ్చ. "దీని తండ్రి?" అని రాజవ్వను అడిగాడు.

"రాజానే సారూ."

"గౌరి తండ్రి?"

"గది గూడ రా..." అని రాజవ్వ మధ్యలో ఆగిపోయింది. తన నోటి నుంచి వచ్చింది తనకే అప్పుడు వినిపించినట్టుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత మెల్లగా, "ఇంకో కోడె యాడున్నది సారూ ఈడ?" అంది.

ఆ రోజంతా గౌరిని పిండడమే మా పని. ఎండ నెత్తికెక్కింది. రాజవ్వా అక్కయ్యా మార్చి మార్చి కూర్చున్నారు. ఆవు నొప్పికి తన్నుతోంది. మధ్యాహ్నానికి అక్కయ్య వేళ్లు బిగుసుకుపోయాయి. చెయ్యి తెరవబోయి తెరవలేక నా వైపు చూసింది. రాజవ్వ బిందెలు పట్టుకుని నీళ్లకు వెళ్లాలి, నల్లా వచ్చే వేళ.

"అన్నా, నువ్వు గూసో" అంది రాజవ్వ. "మొగోడివైతే ఏంది, నీకు మాత్రం చేతులు లేవా?"

జీవితంలో మొదటిసారి ఆవు కింద కూర్చున్నాను. ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. అక్కయ్య నా వెనక వంగి, పైన మూసి కిందికి ఒక్కో వేలూ ముయ్యమని చెప్పింది. నా చేతిలోకి వచ్చిన ఆ నీళ్ల వాసన ఇక్కడ రాయలేను. కాసేపటికి వేడిగా ఉన్న పొదుగు చల్లబడుతున్నట్టు తోచి, తగ్గుతోందని సంతోషపడి అక్కయ్యకు చెప్పాను. ఆమె చెయ్యి వేసి చూసి తల అడ్డంగా ఊపింది. చర్మం నీలంగా తిరుగుతోంది. చెవులు పట్టుకు చూస్తే అవీ చల్లగానే ఉన్నాయి.

డాక్టరు రెండోసారి వచ్చేసరికి గౌరి పడుకుంది. లేపినా లేవలేదు. ఆయన ఇంకో సూది వేశాడు గాని, మా కళ్లలోకి చూడలేదు.

షిఫ్టు సైరను కూసిన కాసేపటికి మల్లయ్య వచ్చాడు. ఒళ్లంతా బొగ్గు, కళ్లూ పళ్లూ మాత్రం తెల్లగా. దొడ్లో అడుగు పెట్టి నిలబడిపోయాడు. పొద్దున తను వెళ్లేటప్పుడు బాగానే నిలబడి ఉన్న ఆవు. "ఏమైందే?" అన్నాడు. తలకు పెట్టుకున్న టోపీ తియ్యకుండానే దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళకు గౌరి కాళ్లు చాపి ఒకసారి ఊపిరి వదిలింది. అంతే. నిన్న ఇదే వేళకు గిన్నె పొంగించిన ఆవు. ఇరవైనాలుగు గంటల్లో ఒక పశువు అలా అయిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

రాజవ్వ వచ్చి అక్కయ్య పక్కన కూర్చుంది. చాలాసేపు ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని చెప్పింది.

"అక్కా, నీకొక మాట జెప్పాలె. పొద్దుగాల నేను దాని పొదుగు చూసినప్పుడు, నిన్ననే నువ్వు తోలుకపోతే బాగుండు అనుకున్న. సచ్చేది మీ ఇంట్ల సచ్చు గద అనుకున్న. గట్ల అనుకున్నందుకు నాకే భయమైంది."

అక్కయ్య ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ చోట నేనున్నా అదే అనుకునేదాన్ని" అంది. రాజవ్వ మాటకంటే అక్కయ్య మాట నన్నెక్కువ బెదరగొట్టింది.

మర్నాడు పొద్దున బండి వచ్చి గౌరిని తీసుకుపోయింది. మేం వీడ్కోలు చెప్పడానికి వెళ్లేసరికి కాలనీ దారిలో గుంపు. మల్లయ్య ఆ రోజు డ్యూటీకి పోలేదు. రాజాకు ముక్కుతాడు వేసి నడిపించుకొస్తున్నాడు. రాజాను నేను చూడటం అదే మొదలు. ఏనుగు గున్నంత ఎత్తు, ఎర్రటి ఒళ్లు, నుదుట ఆ తెల్ల మచ్చ. కొమ్ములకు ఎవరో ఎప్పుడో కట్టిన రంగు దారాలు ఇంకా ఉన్నాయి. పసిపిల్లలా తల ఊపుకుంటూ వస్తోంది. పశువుల దవాఖానకు తీసుకుపోయి విత్తులు నొక్కిస్తానన్నాడట మల్లయ్య. మిగతా వాటాదార్లు ముగ్గురూ అడ్డం నిలబడ్డారు. వాళ్ల వెనక ఆడవాళ్లు.

"నీ ఆవు సచ్చిందని మా కోడెను పాడుజేస్తవా మల్లన్నా?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. "రేపు మళ్లీ గట్టి సన్నుల ఆవులు పుడితే పిండేది నీ పెండ్లామా?"

మల్లయ్య ఆగాడు. గుంపునంతా ఒకసారి చూశాడు.

"నా పెద్దావుకు మూడు సన్నులే పాలిస్తయి. నాలుగోది పోయిన కార్తెల్నే ఎండిపోయింది. ఎవ్వలికీ జెప్పలే. చెప్తే రేపు అమ్ముకోరాదని ఫికరైంది." తాడు ముందుకు చాపాడు. "ఎవలింట్ల మూడు సన్నుల ఆవు లేదో గా మనిషి వచ్చి గీ తాడు వట్టుకోండ్రి. నేను పక్కకు జరుగుత."

ఎవరో ఒకరు వస్తారని చూశాను. గుంపులో ఎవరూ కదల్లేదు. అడ్డం నిలబడ్డ ముగ్గురూ నేల చూస్తున్నారు. వెనక ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఎదుటివాళ్ల ముఖంలో తమ సంగతే కనిపించి నివ్వెరపోయారు. ప్రతి ఇంటివాళ్లూ తమ ఆవు ఒక్కదానికే అలా అయిందనుకున్నారు. నరదిష్టి అనుకున్నారు, పాము నాకిందనుకున్నారు, దాచుకున్నారు. ఇన్నేళ్లుగా, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లల్లో.

పెద్దవాడు పక్కకు జరిగాడు. రాజా మా పక్కనుంచి వెళ్తుంటే అక్కయ్య చెయ్యి చాపి దాని నుదురు తాకింది. "పాపం, దీనికేం తెలుసు" అంది. అది ఆగి ఆమె చెయ్యి నాకింది.

దవాఖాన దగ్గర నరహరి డాక్టరు గారికి చెప్పి వెళ్దామని ఆగాం. ఆయన అక్కయ్యతో అన్న మాటలు ఆవులు పెంచేవాళ్లందరికీ పనికొస్తాయి. "మీ ఆవును అమ్మకండమ్మా. దానికి ఎన్నడన్న పొదుగు వాచిందా? వాయలేదు గద. బిగువు మరీ ఎక్కువైతే మనిషికి కష్టం, వదులు మరీ ఎక్కువైతే ఆవుకు కష్టం. మీ దిక్కు మంచి కోడెను చూసి దాటించండి. కోడెను చూసుడంటే దాని తల్లిని, అక్కచెల్లెండ్లను చూసుడు. వాటి పాలు తీసేటోళ్లను అడగండి. పుట్టే పెయ్య నడిమధ్యల ఉంటే చాలు."

రాజవ్వ బస్సు దాకా వచ్చి జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూట కట్టి ఇచ్చింది. లేగను అమ్మరట, దాన్ని ఇంకో ఊరి కోడెకే చూపిస్తారట. నస్పూర్‌లో దొడ్డి లేకపోతే మరెక్కడ కట్టేస్తావని అక్కయ్య అడిగితే, "ఇంట్ల కట్టేస్త" అంది.

మధ్యాహ్నం పాసింజరు కాజీపేట చేర్చింది. బెజవాడ బండి బాగా ఆలస్యం. పెట్టెలో ఖాళీ చేతులతో కూర్చున్న మమ్మల్ని చూసి ఒక బట్టల వ్యాపారి, ఏం పని మీద వెళ్లారని అడిగాడు. ఆవును కొందామని వెళ్లామన్నాను. కొన్నారా అన్నాడు. లేదన్నాను. "పాపం, అంత దూరం వెళ్లి ఉత్త చేతులతోనా!" అని జాలిపడి మాకు మామిడిపండ్లు ఇచ్చాడు. ఇలాంటి ప్రయాణానికి సిద్ధమయ్యేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. ఆవు ఎంత వేగంగా పాలిచ్చినా, నాలుగు చన్నులూ చేత్తో తాకి చూడండి, తండ్రి ఎవరో అడగండి, ఒక్క పూట ఆగండి. నా మటుకు నాకు, ఆ మూడు రోజుల్లో కళ్లతో చూసినవేవీ ఇంకా లోపల కుదురుకోలేదు. ఒక కోడె ఒక ఊరి ఆడవాళ్లకు రోజూ గంటసేపు మిగిల్చింది, వాళ్ల ఆవుల్ని లోపల్లోపల తినేసింది. ఆ రెండూ ఒకే బహుమతి అంటే నమ్మడం కష్టంగా ఉంది.

బెజవాడలో బండి మారి కృష్ణ వంతెన మీదికి వచ్చేసరికి తెల్లవారుతోంది. అక్కయ్య కిటికీ పక్కన కూర్చుని ఒళ్లో పెట్టుకున్న చేతుల్ని చూసుకుంటోంది.

"కమల వేళ్లు నువ్వెప్పుడైనా పరీక్షగా చూశావట్రా?"

"లేదక్కయ్యా."

"నేనూ చూడలేదు. జడ వేశాను, గోరింటాకు పెట్టాను. చూడలేదు. ఇక దాన్ని పాల దగ్గర కూర్చోనివ్వను. నీకు నేర్పిస్తాను."

నా కుడిచెయ్యి లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది. "మొన్న బొటనవేలు లోపలికి మడిచావు. నేను చూస్తూనే ఉన్నాను. అలా మడవకు" అంది. ఆ వాచిన వేళ్లతో నా వేళ్లను పైనుంచి కిందికి ఒక్కొక్కటే మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. ప్రతి వేలికీ ఆమె పళ్లు బిగించడం నాకు కనిపిస్తూనే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. తెనాలి వచ్చేదాకా వదల్లేదు.